డెబ్బై చూపించిన ముల్లు: ఒక పాత సిగార్ పెట్టె కేసు

పాత చెక్క సామాను బాగుచేయడం నా పని. ఉయ్యాల బల్లలు, భోషాణాలు, హార్మోనియంలు, గ్రామఫోన్ పెట్టెలు ఇరవై ఏళ్లకు పైగా చేస్తున్నాను. నెల్లూరులో పొగతోటకు దగ్గర్లో మా షాపు. పేరులో పొగ ఉంది గానీ ఇప్పుడక్కడ ఆసుపత్రులు, మందుల షాపులు తప్ప పొగాకు మొక్క ఒక్కటి కూడా కనపడదు. అలాంటి చోటికి సిగార్ పెట్టె ఒకటి బాగుకు వచ్చింది. ఆ పని నేను ఒకసారి చెడగొట్టి రెండోసారి సరిచేశాను. చెడగొట్టిన భాగం ఈ పనిలో ఉన్నవాళ్లకు ఎక్కువ పనికొస్తుందని రాస్తున్నాను. యజమాని సరేనన్నాకే రాస్తున్నా, ఆయన పేరు, ఊరు, పెట్టె మూత మీద ఇత్తడి పలకలో చెక్కిన అక్షరాలు మాత్రం ఇక్కడ ఉండవు. నేను పొగ తాగను. ఆ అలవాటు గురించి మంచీ చెడూ చెప్పడం నా పని కాదు.

నేపథ్యం

యజమానిది ప్రకాశం జిల్లా. వయసు డెబ్బైకి దగ్గర. ఆయన తాతగారు పొగాకు వ్యాపారి. బోర్డు, వేలం కేంద్రాలు లేని కాలంలో రైతుల దగ్గర ఆకు కొని ఎగుమతి కంపెనీలకు అమ్మేవారట. పొగాకు బోర్డు చట్టం వచ్చింది 1975లో కదా, అంతకు చాలా ముందు మాట. కంపెనీలో పనిచేసిన ఒక దొర ఇంగ్లండుకు తిరిగి వెళ్లిపోతూ ఈ పెట్టె ఇచ్చి వెళ్లాడని ఇంట్లో చెప్పుకుంటారు. తాతగారు చుట్ట తాగేవారు గానీ సిగార్ ముట్టలేదు. ఆయన కాలమంతా అందులో ప్రామిసరీ నోట్లు, పొలం కాగితాలు ఉండేవి. దానివల్ల పెట్టెకు మేలే జరిగింది. ఏళ్ల తరబడి దాని జోలికి ఎవరూ పోలేదు.

పెట్టె పన్నెండు అంగుళాల పొడవు, తొమ్మిది వెడల్పు. బయట మహాగని పల్చని పొర, లోపల ఎర్రటి తేలిక చెక్క అస్తరు. మూత లోపలివైపు చిల్లుల ఇత్తడి డబ్బా, అందులో తడి పట్టుకునే మట్టి దిమ్మ. ఇలాంటి పెట్టెను ఇంగ్లీషువాళ్లు హ్యుమిడార్ అంటారు. సిగార్ ఎండితే ఆకు పెళుసెక్కి పగులుతుంది, తడి ఎక్కువైతే బూజు పడుతుంది. ఆ రెండింటి మధ్య, గాలిలో తేమ సుమారు 65 నుంచి 70 శాతం దగ్గర నిలబెట్టడం పెట్టె పని. 

లోపలి ఎర్ర చెక్కను స్పానిష్ సెడార్ అంటారు. తెలుగులో చెప్పేటప్పుడు ఇక్కడే అందరూ తప్పుతారు. అది స్పెయిన్‌ది కాదు, సెడారూ కాదు. మధ్య, దక్షిణ అమెరికాలోనూ కరీబియన్ దీవుల్లోనూ పెరిగే చెట్టు. మన వేప, మహాగని కుటుంబానిదే. వేపకు దూరపు చుట్టం అనుకుంటే గుర్తుంటుంది. తడిని పీల్చుకుని నెమ్మదిగా వదులుతుంది, వాసన మంద్రంగా ఉంటుంది, పురుగు త్వరగా దగ్గరికి రాదు. సెడార్ అన్న మాట వినగానే మనవాళ్లు దేవదారు అనేస్తారు. ఈ కేసులో సగం గొడవ ఆ ఒక్క మాట తెచ్చిపెట్టిందే.

వచ్చిన సమస్య

పెద్దాయన కొడుకు గల్ఫ్‌లో ఉద్యోగం. వచ్చినప్పుడల్లా పది పదిహేను సిగార్లు తెస్తాడు. ఆదివారం సాయంత్రం డాబా మీద ఒకటి కాల్చడం పెద్దాయన సరదా. తాత పెట్టె ఉండగా సిగార్లు ప్లాస్టిక్ డబ్బాలో ఎందుకని 2023లో దాన్ని బయటికి తీశారు. ఊళ్లోనే ఒక వడ్రంగికి ఇచ్చి 'కొత్తగా' చేయించారు. అక్టోబరు చివర్లో అది నా దగ్గరికి వచ్చేసరికి పరిస్థితి ఇది.

మూత పూర్తిగా దిగడం లేదు, అరచేత్తో గట్టిగా నొక్కితే గానీ తాళం పడదు. లోపల మూలల్లో తెల్లగా, కాస్త పచ్చగా బూజు. సిగార్లలో నాలుగింటికి సూది గుచ్చినట్టు గుండ్రటి బెజ్జాలు. మూత తెరవగానే కలరా ఉండల ఘాటు. వీటన్నిటి మధ్య మూతకు బిగించిన చిన్న ఇత్తడి తేమ మీటరు మాత్రం ముల్లు సరిగ్గా డెబ్బై మీద పెట్టుకుని ప్రశాంతంగా ఉంది.

"మీటరు కరెక్టుగానే చూపిస్తోంది కదా అబ్బాయ్, మరి బూజెందుకు పడుతుంది?" అన్నారు పెద్దాయన. అసలు కేసు ఆ ప్రశ్నలోనే ఉంది.

మొదట పరీక్షించింది మీటరునే. దీనికి ల్యాబ్ అక్కర్లేదు. సీసా మూతలో వంటింటి ఉప్పు పోసి, నాలుగు చుక్కల నీళ్లు వేసి తడి ఇసుకలా కలపాలి. నీళ్లలో పూర్తిగా కరగకూడదు. ఆ మూతనూ మీటరునూ ఒక జిప్ కవర్లో పెట్టి గాలి చొరకుండా మూసి, ఒక రోజు కదపకుండా ఉంచాలి. తడిసిన ఉప్పు చుట్టూ గాలిలో తేమ 75 శాతం దగ్గర నిలబడుతుంది. అది ఉప్పు స్వభావం. ప్యాకెట్ ఉప్పే వాడాలి, కల్లుప్పు వద్దు. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం లవణాలు మిగిలి ఉంటాయి, వానాకాలంలో జాడీ అడుగున నీరు చేరేది వాటివల్లే, అవి లెక్కను కిందికి లాగుతాయి.

మర్నాడు చూస్తే ముల్లు 63 మీద ఉంది. అంటే పన్నెండు తక్కువ చూపిస్తోంది. దాని డెబ్బై అసలు ఎనభై రెండు. పెద్దాయన ముల్లు కాస్త కిందికి దిగినప్పుడల్లా స్పాంజి తడిపి పెట్టేవారు, అదీ బోరు నీళ్లతో. ఆ నీళ్లలోని సున్నం ఇత్తడి డబ్బా చిల్లుల చుట్టూ తెల్లగా పేరుకుని ఉంది. తడి ఎక్కువైతే బూజు పుడుతుంది. తడీ వేడీ కలిస్తే పొగాకు ఆకులో ఎక్కడో ఉన్న గుడ్లు పొదుగుతాయి. పొగాకు పురుగు గుడ్లు సిగార్ తయారయ్యేటప్పుడే ఆకుతో పాటు వచ్చి ఉంటాయి, ఇరవై నాలుగు డిగ్రీలు దాటితే వాటికి ఊపిరి వచ్చినట్టే. మనకు ఇంట్లో ఇరవై నాలుగు ఎప్పుడుంటుంది, ఏసీ వేస్తే తప్ప? ఆ పురుగును చూసి భయపడ్డ ఇంట్లోవాళ్లు కలరా ఉండలు వేశారు.

బెజ్జాలు చూసి చెక్కకే పుచ్చు పట్టిందేమోనని నాకూ అనుమానం వచ్చింది. పెట్టెను తెల్ల కాగితం మీద పెట్టి నాలుగు రోజులు వదిలేశాను. కాగితం మీద పిండి రాలలేదు. సిగార్ల కింద పెట్టిన కాగితం మీద మాత్రం ముక్కుపొడి లాంటి గోధుమరంగు పొడి రాలింది. పురుగు చెక్కది కాదు, ఆకుది. కాబట్టి పెట్టెకు మందు కొట్టాల్సిన పని లేదు. అది పెద్ద ఊరట, ఎందుకంటే లోపల ఏ మందు కొట్టినా చెక్క దాన్ని ఏళ్ల తరబడి దాచుకుంటుంది.

మొదటి విడత

ముందు వాసన సంగతి. వడ్రంగి లోపలి అస్తరుకు కూడా మెరుపు వార్నిష్ పూశాడు. బయటికి పాలిష్ ఉండాలి, లోపల చెక్క ఒట్టిగా ఉండాలి. వార్నిష్ కింద చెక్క ఊపిరాడకుండా ఉంటే తడి పీల్చడం, వదలడం ఆగిపోతుంది. అప్పుడది అద్దం డబ్బాతో సమానం. రసాయనం పూసి కరిగిస్తే అది చెక్కలోకి దిగుతుందని, గాజు పెంకు అంచుతో గీకి తీశాను. పది రోజులు పట్టింది. బూజు తుడవడానికి గట్టి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడాను. ఇక్కడ ఒక చుక్క జారి మూత బయటి అంచు మీద పడింది. బయటి పాలిష్ పాతకాలపు లక్కది. లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది. గుడ్డతో అద్దేలోపే శనగబద్దంత మేర మెరుపు పోయి మసకబారింది. మళ్లీ చపడా లక్క పలచగా కలిపి, గుడ్డ ఉండతో ఇరవై సార్లు రుద్దితే గానీ ఆ మచ్చ మాయలేదు. 

కలరా ఉండల వాసనకు కొబ్బరి చిప్పల యాక్టివేటెడ్ బొగ్గు గిన్నెలో పోసి పెట్టె లోపల ఉంచి, వారానికోసారి మార్చాను. ఎండలో పెట్టమని అందరూ సలహా ఇచ్చారు. ఎండలో పెడితే పైపొర లేస్తుంది. నలభై రోజులకు ఘాటు పోయింది.

ఆ నలభై రోజుల్లోనే డిసెంబరు మొదటి వారంలో మిచాంగ్ తుపాను వచ్చింది. 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది గానీ అంతకు ముందు మా మీద కుమ్మరించేసింది. షాపులో కరెంటు లేదు, గోడలు చెమర్చాయి. చెక్క బీరువాల తలుపులన్నీ బిగుసుకున్నాయి. ఈ పెట్టె మూత అంతకుముందే దిగేది కాదు, ఇప్పుడు అసలు కూర్చోవడమే లేదు. పెద్దాయన సంక్రాంతికి కొడుకు వస్తున్నాడు, అప్పటికి కావాలన్నారు.

నేను చేసిన ఆలోచన ఉన్నదున్నట్టు రాస్తాను. ఇలాంటి పెట్టెలో లోపలి అస్తరు అంచు కంటే కాస్త పైకి లేచి ఉంటుంది, ఒక చిన్న గోడలాగా. మూత దిగినప్పుడు మూతలోని అస్తరు ఆ గోడను చుట్టూ కప్పుకుంటుంది. గాలి చొరకుండా ఆపేది ఆ కలయికే. మూత ఆ గోడకు పట్టేస్తోంది కాబట్టి, ఉబ్బిన గోడను కాస్త సన్నం చేస్తే సరిపోతుందనుకున్నాను. రెండువైపులా ఉప్పు కాగితంతో పలచగా, ఒక మిల్లీమీటరుకు తక్కువే తీశాను. మూత హాయిగా దిగింది. దింపితే లోపలి గాలి నెమ్మదిగా బయటికి పోతూ 'ఉఫ్' అన్న చిన్న చప్పుడు వచ్చింది. మంచి సిగార్ పెట్టెకు అదే గుర్తు. నా ముఖం వెలిగిపోయింది.

మూతలో వడ్రంగి వేసిన కొత్త అస్తరును మాత్రం కదపలేదు. దేవదారు అది. కమ్మటి వాసన, పని శుభ్రంగా ఉంది, వైట్ గ్లూతో గట్టిగా అంటించాడు. లాగితే కింది చెక్క చిట్లుతుందేమోనని భయం. పాత వస్తువుల్లో వీలైనంత తక్కువ ముట్టుకోవాలన్న సూత్రం ఒకటుంది కదా, దాని చాటున నేను దాక్కున్నాను.

పురుగు పట్టని సిగార్లను రెండు జిప్ కవర్లలో పెట్టి వారం రోజులు డీప్ ఫ్రీజర్లో ఉంచి, ఒక రోజు కింది ఫ్రిజ్‌లో పెట్టి, ఆ తర్వాతే బయటికి తీయమన్నాను. నేరుగా బయట పెడితే ఆకు చెమర్చి పగులుతుంది. "వారం రోజులు పొగాకు నా ఫ్రీజర్లోనా, రొయ్యల పక్కనా? కుదరదు గాక కుదరదు" అన్నారట పెద్దాయన భార్య. చివరికి కోడలి పుట్టింట్లో ఐస్‌క్రీముల కోసం కొన్న పాత ఫ్రీజర్ దిక్కయింది. జనవరి రెండో వారంలో కొత్త డిజిటల్ మీటరు ఒకటి, పెట్టెలో తేమను 69 శాతం దగ్గర నిలబెట్టే తేమ ప్యాకెట్లు రెండు లోపల పెట్టి పెట్టె అప్పగించాను. కరెక్టుగా 68 చూపించింది. పండగ బాగా జరిగింది.

ఎక్కడ బెడిసింది

మే నెలలో ఫోన్ వచ్చింది. "అబ్బాయ్, రెండు సంగతులు. సిగార్ ముట్టిస్తే అగరొత్తి కాల్చినట్టుంది. ఇంకోటి, మీటరు నలభై ఎనిమిది చూపిస్తోంది. ఇది కూడా అబద్ధమేనా?"

అబద్ధం కాదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, పడమటి గాలి అలా ఉంది ఆ వారం. పైగా పెట్టెను హాల్లో ఏసీకి ఎదురుగా షోకేస్ మీద పెట్టారు. ఏసీ గదిలో తేమను పిండేస్తుంది. నేను వెళ్లేసరికి మూత పట్టుకుంటే గలగలమంటోంది. మూతకూ అంచుకూ మధ్య పది రూపాయల నోటు పెట్టి మూసి లాగితే ఏ పట్టూ లేకుండా వచ్చేసింది. లైట్లార్పి ఫోన్ టార్చి లోపల వెలిగించి మూత వేస్తే, రెండు వైపులా సన్నటి వెలుగు గీత. సరిగ్గా నేను ఉప్పు కాగితం పట్టిన రెండు వైపులే. తేమ ప్యాకెట్లు రెండూ అప్పడాల్లా గట్టిపడి ఉన్నాయి. ముందు వైపు మహాగని పొర మూల దగ్గర లేచింది.

అక్కడ కూర్చుని సిగార్లు ఒక్కొక్కటే చూస్తుంటే ఇంట్లో పనిచేసే పెద్దామె టీ తెచ్చింది. ఆమె వయసులో ఉన్నప్పుడు పొగాకు కంపెనీలో గ్రేడింగ్‌కి, అంటే ఆకును రకాలవారీగా వేరుచేసే పనికి, పోయేదట. ఒక సిగార్ తీసుకుని చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య అదిమి, చెవి దగ్గర పెట్టుకుంది. "కరకరమంటాంది. ఇట్టాంటి ఆకును మేం ముట్టుకునేవాళ్లమే కాదయ్యా, ముట్టుకుంటే నలిగిపోద్ది. బ్యారన్ తలుపులు తీసి రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి అదే మెత్తబడుద్ది. తొందరపడి నీళ్లు చల్లినోళ్ల మండె వేడెక్కి నల్లబడింది." బ్యారన్ అంటే ఆకును వేడితో ఆరబెట్టే గది, మండె అంటే ఆకు కుప్ప.

ఆ మాట నాకు చెక్క గురించి చెప్పినట్టు వినిపించింది. మెత్తబడని ఆకు మీద చెయ్యి వేయకూడదని ఆమెకు తెలుసు. నేను తుపాను తడిలో ఉబ్బిన చెక్క మీద చెయ్యి వేశాను. నేను కొలత తీసింది పెట్టెది కాదు, ఆ వారం వాతావరణానిది.

ఇంకా లోతైన తప్పు ఇంటికొచ్చి స్కేలు పెట్టి కొలిచాక తెలిసింది. పెట్టె గోడల అస్తరు నాలుగున్నర మిల్లీమీటర్లు. మూతలో దేవదారు అస్తరు ఆరు. వడ్రంగి తన దగ్గరున్న చెక్కను ఉన్న మందంతోనే వేశాడు. అంటే మూత పట్టేయడానికి అసలు కారణం తుపాను కూడా కాదు, ఆ ఒకటిన్నర మిల్లీమీటరు. ఆ కొత్త ముక్కకు చోటు చేయడానికి నేను నూరేళ్ల నాటి అసలు చెక్కను అరగదీశాను. ఈ కేసులో నేను ఎవరికైనా చెప్పుకోవడానికి సిగ్గుపడేది ఇదొక్కటే, కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. తక్కువ ముట్టుకోవాలన్న సూత్రాన్ని కొత్త అస్తరుకు పాటించి పాత చెక్కకు తప్పాను.

అగరొత్తి రుచి సంగతి కూడా దేవదారుదే. దాని నూనె ఘాటైంది, గుడి సామానుకు బాగుంటుంది. పొగాకు పక్కన ఏ వాసన ఉన్నా దాన్ని పీల్చుకుంటుంది.

పని చేసింది

ఈసారి పెద్దాయనతో ముందే చెప్పాను, సార్, ఎప్పటికవుతుందని మాత్రం అడగొద్దు అని. జూన్‌లో పెట్టె తెచ్చుకున్నాను. తెచ్చేటప్పుడు కూడా కారు ఏసీ దానికి తగలకుండా రెండు దుప్పట్లలో చుట్టి ప్లాస్టిక్ కవర్‌లో పెట్టాను. నెల్లూరు చేరడానికి రెండు గంటలు, ఆ రెండు గంటలే చాలు పైపొర ఇంకో అంగుళం లేవడానికి.

బట్టలు దాచుకునే పెద్ద ప్లాస్టిక్ టబ్ ఒకటి కొని, మూత అంచుకు రబ్బరు పట్టీ వేశాను. అందులో పెట్టెను మూత తెరిచి ఉంచి, చుట్టూ 65 శాతం తేమ ప్యాకెట్లు పెద్దవి ఎనిమిది, ఉప్పు పరీక్ష పాసైన మీటర్లు రెండు పెట్టాను. ఈ ప్యాకెట్లు కూడా ఉప్పు సూత్రం మీదే పనిచేస్తాయి. గాలి పొడిగా ఉంటే తేమ వదులుతాయి, ఎక్కువైతే పీల్చుకుంటాయి. స్పాంజి వదలడం తప్ప పీల్చడం ఎరగదు, మన ఊళ్లకు అది పనికిరాకపోవడానికి అదే కారణం. ఇంగ్లండులో చలిమంట పక్కన ఎండిపోయే గదికి చేసిన పెట్టె ఇది. దాని మట్టి దిమ్మ కూడా తడి ఇవ్వడానికే పుట్టింది. మనకు ఏడాదిలో నాలుగైదు నెలలు తడి తగ్గించేది కావాలి, రెండు మూడు నెలలు పెంచేది కావాలి.

కొత్త పెట్టెల వాళ్లు లోపల డిస్టిల్డ్ వాటర్‌తో తుడవమంటారు. నేను తుడవలేదు. నీళ్లు తగిలినచోట చెక్క ఒక్కసారిగా ఉబ్బి వంకరపోతుంది, తగలని చోట అలాగే ఉంటుంది. గ్రేడింగ్ పెద్దామె చెప్పినట్టు తలుపు తీసి వదిలేయడమే మేలు. ఐదు వారాలు పట్టింది. చివరి పది రోజులూ రెండు మీటర్లూ 64, 65 దగ్గర కదలకుండా ఉన్నాయి. అప్పుడు గానీ స్కేలు పట్టలేదు.

దేవదారు అస్తరును తీయడం నేను భయపడినంత కష్టం కాలేదు. పాతకాలపు సరేసు జిగురు అయితే వేడి తడి గుడ్డ పెడితే మెత్తబడి వదిలేస్తుంది. వైట్ గ్లూ అలా వదలదు, సన్న ఉలితో పొరలు పొరలుగా చెక్కాల్సిందే. కింది చెక్క రెండు చోట్ల చిట్లింది. పెద్దాయనకు ఫొటో తీసి పంపాను.

ఇక కొత్త అస్తరుకు స్పానిష్ సెడార్ ఎక్కడ దొరుకుతుంది? ఈ చెట్టు నరికివేత ఎక్కువై ఇప్పుడు అంతర్జాతీయ వ్యాపారం మీద ఆంక్షలున్నాయి. మన టింబర్ డిపోలో అడిగితే మళ్లీ దేవదారే చూపిస్తారు. దాని దగ్గరి చుట్టం తూన్ చెక్క మన దేశంలో ఉంది, దాన్ని సిగార్ పెట్టెలకు వాడేవారు కూడా. దాని కోసం వెతుకుతుండగా పెద్దాయనే అటక మీద నుంచి కొడుకు తెచ్చిన ఖాళీ సిగార్ పెట్టెలు ఆరు దించారు. వాటిలో రెండు ప్లైవుడ్ మీద కాగితం అంటించినవి. నాలుగు మాత్రం అచ్చమైన చెక్క. అంచు గీకి చూస్తే పెన్సిల్ చెక్కినప్పటి వాసన, కాస్త మిరియపు ఘాటు. పెట్టె అడుగున ఉన్న పాత అస్తరు పక్కన పెడితే రంగు కొంచెం లేతగా ఉంది, అంతే. పలకలు నాలుగున్నర మిల్లీమీటర్లకు చిత్రిక పట్టి, మూలలు వాలుగా కోసి, జిగురు లేకుండా ఒకదానికొకటి బిగించి మూతలో కూర్చోబెట్టాను. రేపు ఇంకొకరు బాగుచేయాలంటే వేలితో నొక్కి తీసేయొచ్చు.

లేచిన మహాగని పొర కింద పాత సరేసు ఇంకా బతికే ఉంది. తడి గుడ్డ మీద గోరువెచ్చని ఇస్త్రీపెట్టె ఆనించి, పైన మైనపు కాగితం, దాని మీద ఇసుక సంచి. మర్నాటికి అతుక్కుంది.

నేను అరగదీసిన గోడకు అదే సిగార్ పెట్టె చెక్కలో నుంచి అట్టముక్కంత పలచటి పట్టీలు రెండు కోసి సరేసుతో అంటించాను. ఎక్కువ మందం వేసి తర్వాత అరగదీయొచ్చు, కానీ ఈసారి టబ్‌లోంచి తీసి పదినిమిషాలు పనిచేయడం, మళ్లీ లోపల పెట్టేయడం, రెండు రోజులయ్యాక మళ్లీ చూడడం. అలా తొమ్మిది సార్లు. నోటు లాగితే పట్టుకుంటోంది, టార్చి వెలుగు రావడం లేదు. ఉఫ్ చప్పుడు మళ్లీ వచ్చింది గానీ ఈసారి నేను సంబరపడలేదు. వానల్లో ఒకసారి వినాలి.

వాడకం

సెప్టెంబరులో అప్పగించేటప్పుడు పెద్దాయనతో అరగంట కూర్చున్నాను. నిజానికి బాగుచేయడం కంటే ఈ మాటలే ముఖ్యం.

69 ప్యాకెట్లు మానేసి 65 పెట్టాం. పుస్తకాల్లో డెబ్బై అని ఉండేది ఇరవై డిగ్రీల గది లెక్క. మన ఇంట్లో ముప్పై. వెచ్చటి గాలి పట్టే నీరు ఎక్కువ, బూజుకూ పురుగుకూ అదే చాలు. పెట్టెను హాల్లోంచి లోపలి గదికి, తూర్పు గోడ దగ్గర బీరువాలో కింది అరకు మార్చాం. ఏసీ గాలి నేరుగా తగలదు, ఎండ గోడా కాదు. ఆ చోటు నచ్చక మొదట ముఖం చిట్లించారు. తాత వస్తువు నలుగురూ చూడకపోతే ఎట్లా అన్నారు. మీ తాతగారు దాన్ని భోషాణంలోనే పెట్టుకున్నారు కదండీ అన్నాక నవ్వి ఊరుకున్నారు.

అన్నిటికంటే ముఖ్యం, దీన్ని గాదెగా వాడొద్దన్నాను. ఇది వడ్డించే పళ్లెం. కొడుకు తెచ్చినవన్నీ ముందు ఫ్రీజర్ ముచ్చట ముగించుకుని గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో తేమ ప్యాకెట్‌తో ఉంటాయి. నెలకు సరిపడా నాలుగో ఐదో మాత్రం తాత పెట్టెలోకి వస్తాయి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా పెట్టెలో సిగార్లు ఉండవు, ప్యాకెట్లు మాత్రం ఉంటాయి. చెక్కకు అవి కావాలి. ఈ పద్ధతి కొంతమందికి అర్ధమనస్కంగా కనిపించవచ్చు, నూరేళ్ల పెట్టె ఉండి ప్లాస్టిక్ డబ్బా ఏమిటని. నాకూ కాస్త మనసు పట్టలేదు. కానీ మే నెలలో ముప్పై అయిదు డిగ్రీల గదిలో ఏ చెక్క పెట్టే పురుగును ఆపలేదు.

మట్టి దిమ్మను శుభ్రం చేసి ఇత్తడి డబ్బాలోనే పెట్టాను, ఒట్టిగా. అది తడవదిక. పాత ఇత్తడి మీటరు కూడా మూతకే ఉంది. దాన్ని తీసేయడానికి పెద్దాయన ఒప్పుకోలేదు, సరిచేయడానికి నేను ఒప్పుకోలేదు. పక్కనే డిజిటల్‌ది చిన్నది పెట్టాం.

నవంబరు వానల్లో వేరే పని మీద ఒంగోలు వెళ్లి, అటుగా ఆయన ఇంటికి వెళ్లాను. బయట ముసురు, డాబా మెట్లు పాచి పట్టి జారుతున్నాయి. పెట్టె తీసి చూశాం. డిజిటల్ 66. ఇత్తడి ముల్లు 54. మూత కాస్త బిగువుగా దిగింది గానీ నొక్కాల్సిన పని లేకపోయింది. పెద్దామె వచ్చి ఒక సిగార్ అదిమి చూసి ఏమీ అనకుండా వెనక్కి పెట్టేసింది.

గోడకు నేను అంటించిన రెండు పట్టీలు మిగతా చెక్క కంటే లేత రంగులో తెలిసిపోతున్నాయి. రంగు వేసి కలిపేయమంటారా అని పెద్దాయన అడిగారు. లోపల రంగు వేయకూడదు సార్, అలాగే ఉండనివ్వండి అన్నాను. రెండో విడతకు డబ్బు తీసుకోలేదు.